కుడి పక్క స్పీకరు

మా బావ పాట వినే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. పాటంటే పని చేసుకుంటూ వినాలి, లేదా వింటూ వింటూ కునుకు తీయాలి. ఆయన అలా కాదు. ముందు గదిలో గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని, రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యకు వచ్చేలా దాన్ని జరుపుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఫొటో దిగుతున్న పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చుంటాడు. అప్పుడు ఇంట్లో ఎవరూ అటూ ఇటూ తిరగకూడదు. మా అక్క కూడా గిన్నెలు కడగడం ఆపి తడిచేతులతో వంటింటి గుమ్మంలో నిలబడాలి.

"ఇది పాట వినడమా, కోర్టులో సాక్ష్యం చెప్పడమా బావా?" అని నేనంటే, "నోరు ముయ్యరా, వయొలిన్ పోతోంది" అనేవాడు.

మేం ముగ్గురం ఒకే చోట పనిచేస్తాం. ఆసుపత్రుల దుప్పట్లూ, పక్కగుడ్డలూ, ఆపరేషన్ గదుల పచ్చబట్టలూ ఉతికే పెద్ద లాండ్రీ అది. నేను వ్యాను నడుపుతాను. మురికి మూటలు తెచ్చి పడేస్తాను, ఉతికిన మూటలు తీసుకెళ్తాను. మా అక్క పిండే మిషన్ దగ్గర ఉంటుంది. నీళ్లోడుతున్న గుడ్డల్ని డ్రమ్ములోకి ఎత్తిపోసి మూత బిగిస్తే, అది గిర్రున తిరిగి నీళ్లన్నీ పిండేస్తుంది. ఆ డ్రమ్ము నిలువెత్తు ఉంటుంది. అది వేగం అందుకున్నప్పుడు కాళ్ల కింద నేల అదురుతుంది. ఆ మిషన్లన్నీ చూసుకునే మెకానిక్కు మా బావ.

అల్లాటప్పా మెకానిక్కు కాదు. ఆయన దగ్గర ఒక రబ్బరు గొట్టం ముక్క ఉండేది. నడుస్తున్న మిషన్ బేరింగు మీద ఒక కొస ఆనించి, రెండో కొస కుడి చెవిలో ఇరికించుకుని, హాల్లో రొద అడ్డం రాకుండా ఎడమ చెవిలో వేలు దూర్చుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "గ్రీజు అడుగుతోంది" అనో, "దీని పని అయిపోవచ్చింది" అనో తేల్చేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది. ఆయన మాట తప్పగా చూడలేదని మేనేజరే వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. లాండ్రీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ చెవి మేస్త్రీ. అలా పిలిస్తే పైకి విసుక్కునేవాడు కానీ, లోలోపల మురిసిపోయేవాడని నాకు బాగా తెలుసు.

అందుకే ఇంట్లో ఆ స్టీరియో అంటే అంత పట్టింపు. కొత్తది కొనే తాహతు ఎప్పుడూ లేదు. పాత సామాన్ల కొట్లో దుమ్ముకొట్టుకుని పడి ఉన్న ఆంప్లిఫయర్‌ను తెచ్చుకుని, మాడిపోయిన ముక్కలు మార్చి బతికించాడు. స్పీకర్ల చెక్కపెట్టెలు సొంతంగా చేసుకున్నాడు. ఫోనులో పాట పెట్టి దానికి తగిలిస్తే ఇల్లంతా మోగేది. ఏళ్ల తరబడి హాయిగా విన్నాడు.

ఈమధ్యే మొదలైంది గోల. పాట బాగోలేదన్నాడు. పాడే మనిషి మధ్యలో ఉండాలట, వాయించేవాళ్లు అటూ ఇటూ సర్దుకుని కూర్చోవాలట. ఇప్పుడు అందరూ ఎడమ మూలకు పోయి ఒకళ్ల మీద ఒకళ్లు పడి ముద్దగా తయారయ్యారట.

"ఇరుకు గది కదా బావా, వాళ్లే సర్దుకుంటార్లే" అన్నాను. ఆయన నవ్వలేదు.

మెకానిక్కు బుర్ర కదా, వరసపెట్టి వెతికాడు. ముందు కుడి పక్క స్పీకరును అనుమానించాడు. కుడిదాన్ని ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ మార్చాడు. అయినా పాట ఎడమ మూలనే పట్టుకుని వేలాడిందట. అంటే స్పీకరు తప్పు కాదు. తీగలు మార్చాడు. ఆంప్లిఫయర్ మూత విప్పి ఒక్కో అతుకూ మళ్లీ వేశాడు. గదిలో బీరువాను ఒక గోడ నుంచి ఇంకో గోడకు నా చేత మోయించాడు. పాటకూ తనకూ మధ్య ఉన్నవన్నీ అనుమానించాడు. రోజులు గడిచేకొద్దీ మనిషి చిరాగ్గా తయారయ్యాడు. పాట పెట్టి, సగంలో ఆపేసి, కుర్చీలోనే కూర్చుని గోడ వంక చూసేవాడు. అది చూస్తే మా అక్కకు దిగులు.

చివరికి పాత సామాన్ల కొట్టతను ఆయన బుర్రలో కొత్త పురుగును వదిలాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఫోనులో పాట పాటగా ఉండదు మేస్త్రీ, అంకెలుగా ఉంటుంది. ఆ అంకెల్ని మళ్లీ శబ్దంగా మార్చడానికి లోపల ఒక చిన్న ముక్క ఉంటుంది. అక్కడే పిసినారితనం చేస్తారు. ఆ పనికి విడిగా కన్వర్టర్లు వస్తున్నాయి. పెద్ద ఖరీదు కూడా కాదు. స్టీరియో మొత్తం మార్చుకునే బదులు ఇదొక్కటి మధ్యలో పెట్టి చూడు."

బావ వేలెడంత కన్వర్టరు ఒకటి కొనుక్కొచ్చాడు. ఒక పక్క ఫోను, ఇంకో పక్క ఆంప్లిఫయర్, మధ్యలో అది. ఒప్పుకోవాలి, తేడా వచ్చింది. పాట వెనకాల ఎప్పుడూ ఉండే సన్నటి బుసబుస పోయింది. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం వినపడింది. పాటలంటే పెద్దగా పట్టని నాకే, గదిలోకి ఎవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

"అబ్బ, ఎంత తేటగా ఉందో!" అంది అక్క.

బావ మాత్రం మొహం చిట్లించాడు. "తేటగానే ఉంది. కానీ ఎడమ పక్కే ఉంది."

"అది నీ మొహంలా ఉంది" అందామనుకుని, అక్క కళ్లతోనే వద్దనడంతో ఊరుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ముగ్గురం తింటూ ఉండగా అక్క అంది: "పిండే మిషన్ ఏదో మూలుగుతోందండీ. వేగం అందుకునేటప్పుడు సన్నగా కీచుమంటోంది. ఒకసారి చూడండి."

బావ మర్నాడే గొట్టం పెట్టి చూశాడు. చాలాసేపు విన్నాడు. "వెన్నలా తిరుగుతోంది" అన్నాడు. కొన్నాళ్లకు అక్క మళ్లీ అదే మాట అంది. ఆయన మళ్లీ విన్నాడు. "నాకు వినపడనిది నీకు వినపడుతోందా? ఆ రొదకి నీ చెవులు గింగురుమంటున్నాయి, అంతే" అని కొట్టిపారేశాడు. అక్క ఇంక ఆ ఊసెత్తలేదు. చెవి మేస్త్రీ బాగుందన్న మిషన్‌ను బాగోలేదనడానికి ఎవరికి నోరొస్తుంది? రోజూ వెళ్లి దాని పక్కనే నిలబడేది. ఆ డ్రమ్ములోకే గుడ్డలు ఎత్తిపోసేది.

ఇంతలో బావ ఇంకో కన్వర్టరు మీద కన్నేశాడు. ఇది అరచేతంత ఇనుప డబ్బా, మొదటిదానికన్నా కాస్త మెరుగు. కొట్టతను దయతలచి, "సెలవు రోజు ఇంటికి తీసుకెళ్లి రెండూ విని చూడు. నచ్చకపోతే తెచ్చివ్వు" అన్నాడు.

సెలవు రోజు మధ్యాహ్నం అక్క బజారుకు వెళ్లింది. నేను మేడ మీద నా గదిలో పడుకుని ఉంటే బావ కేకేసి కిందికి రప్పించాడు.

"నేను కళ్లు మూసుకుంటాను. నువ్వు ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ తగిలించు. ఏది ఏదో నాకు చెప్పకు."

"చెబితే ఏమవుతుంది?"

"ఖరీదైనదే బాగుందని మనసు అబద్ధమాడుతుంది."

"నీ మనసు అంత దొంగదా బావా?"

"అందరి మనసూ దొంగదేరా. పాట సౌండు తగ్గించి పెట్టు. తగ్గించి పెడితేనే లోపాలు బయటపడతాయి."

ఒక్కో కన్వర్టరు వెనకాలా రెండు కన్నాలున్నాయి. ఎర్ర మూతి ఉన్న తీగ కుడి స్పీకరుకు, తెల్ల మూతిది ఎడమ స్పీకరుకు. ఆంప్లిఫయర్ ఉన్న స్టూలు గోడకు ఆనుకుని ఉంది. దాని వెనక్కి చెయ్యి దూర్చి, తడుముకుంటూ ఒకదాంట్లోంచి పీకి ఇంకోదాంట్లో పెట్టాలి. స్టీరింగు తిప్పే చేతులు నావి, ఇలాంటి సన్నపని వాటికి చేతకాదు. మోకాళ్ల మీద కూర్చుని, చెమటలు కక్కుతూ మొదటిది తగిలించాను.

"ముద్ద" అన్నాడు బావ, కళ్లు మూసుకునే.

పీకి రెండోది తగిలించాను. పాట మళ్లీ మొదలైంది. ఆయన కదలకుండా విన్నాడు. కాసేపటికి కనుబొమలు విడివడ్డాయి. ఈమధ్య ఎన్నడూ చూడని నవ్వొకటి మెల్లగా మొహమంతా పాకింది.

"ఇదిరా! ఇది! వయొలిన్ చూడు, లేచి కుడి మూలకి వెళ్లి నిలబడింది. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందిరా ఇది?"

నాకూ సంతోషమేసింది. పీడ వదిలింది, ఇంక బీరువా మోసే పని లేదనుకున్నాను. ఇంతకీ ఆయన మెచ్చుకున్నది ఏ కన్వర్టరునో చూద్దామని స్టూలు వెనక్కి వంగాను. ఎర్ర మూతి తీగ నేల మీద పడి ఉంది. తెల్లది ఒక్కటే తగిలించాను. అనుమానమొచ్చి కుడి పక్క స్పీకరు గుడ్డ మీద అరచెయ్యి పెట్టి చూశాను. చలనం లేదు. పాట మొత్తం ఎడమ స్పీకరు నుంచే వస్తోంది.

ముందు నవ్వొచ్చింది. జన్మకు సరిపడా దొరికాడు బావ, రేపు లాండ్రీ అంతా చాటింపు వెయ్యొచ్చు అనుకుని నోరు తెరిచాను.

"కుడి పక్క ఎంత చక్కగా విచ్చుకుందో చూడు" అన్నాడాయన మళ్లీ, మూగగా ఉన్న ఆ పెట్టె వైపు చెయ్యి చాపి.

కుడి పక్క మోగుతోందో లేదో ఆయనకు తెలియడమే లేదు. గొట్టం ఏ చెవికి పెట్టుకుంటాడు? కుడి చెవికి. ఎడమ చెవిలో వేలు దూర్చుకుంటాడు. కుడి చెవి వినకపోతే ఏ మిషనైనా ఆయనకు ఎలా ఉంటుంది? వేలి సందుల్లోంచి దూరే రొద తప్ప ఇంకేమీ వినపడక వెన్నలా ఉంటుంది. పిండే మిషన్ మూలుగుతోందని అక్క చెబుతూనే ఉంది కదా.

"బావా, కళ్లు తెరువు."

"ఆగరా, ఈ చరణం అయిపోనీ."

"కుడి స్పీకరు పలకడం లేదు బావా. తీగ కింద పడి ఉంది."

కళ్లు తెరిచాడు. నా మొహంలో పరాచికం కోసం వెతికాడు. దొరక్క కోపం తెచ్చుకున్నాడు. లేచొచ్చి, నన్ను పక్కకు తోసి, స్టూలు వెనక చూశాడు. ఎర్ర మూతి తీగను తనే కన్నంలోకి నెట్టాడు. కుడి స్పీకరు పలికింది. వయొలిన్ నిజంగానే లేచి కుడి మూలకు వెళ్లి నిలబడింది. నాకు వినపడుతోంది.

ఆయన కుర్చీలోకి వెళ్లి కూర్చుని, మిషన్ దగ్గర చేసినట్టే ఎడమ చెవిలో వేలు గట్టిగా దూర్చుకున్నాడు. కళ్లు మూసుకోలేదు ఈసారి. కుడి స్పీకరునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పాట ఆపేశావా?"

"లేదు బావా."

ఆయన నా పెదాల వంక చూస్తున్నాడు. వేలు తియ్యలేదు. "ఆపేశావా అని అడుగుతున్నాను" అన్నాడు గట్టిగా. నేను తల అడ్డంగా ఊపాను.

వేలు తీశాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పాట అయిపోయి ఇంకో పాట మొదలైంది, అదీ అయిపోయింది. మా బావను అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటే ఒళ్లు మండే కోపమూ వచ్చింది.

"మేనేజరుకి ఇప్పుడే ఫోను చెయ్యి" అన్నాను.

"ఏమని చెప్పాలిరా? చెవి మేస్త్రీకి చెవి లేదని చెప్పనా? ఆ ఒక్కటీ పోతే నన్నెందుకు ఉంచుకుంటారు?"

"రేపు పొద్దున ఆ డ్రమ్ము పక్కన నిలబడేది మా అక్క."

"నాకు తెలీదా?"

"తెలిస్తే ఫోను చెయ్యి మరి."

"రేపు నేను చూసుకుంటాను. నువ్వు పైకి పో. మీ అక్కతో మాత్రం ఏమీ అనకు."

వీధి తలుపు చప్పుడైంది. అక్క సంచులతో లోపలికొచ్చి, "ఏమైంది, తేలిందా? ఏది బాగుంది?" అని అడిగింది. బావ ఇనుప డబ్బాను చూపించాడు. "ఇదే" అన్నాడు. నేను మెట్లెక్కి నా గదికి వెళ్లిపోయాను. రేపు ఆయన నోరు విప్పకపోతే అందరి ముందూ నేనే విప్పుతాను, ఆయన మళ్లీ నా మొహం చూడకపోయినా సరే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లాండ్రీకి వెళ్లాను. వ్యాన్లోకి మూటలు ఎక్కించాల్సింది పోయి హాలు గుమ్మంలో నిలబడ్డాను. రోజూ పని మొదలయ్యే ముందు మిషన్లను ఖాళీగా కాసేపు తిప్పి చూస్తారు. పిండే మిషన్ తిరుగుతోంది. అక్క తడిగుడ్డల ట్రాలీని పట్టుకుని దాని పక్కనే ఉంది. మేనేజరు చేతులు కట్టుకుని, రోజూ అడిగినట్టే "ఏమంటోంది మేస్త్రీ?" అన్నాడు.

బావ గొట్టం తీశాడు. ఒక కొస బేరింగు మీద ఆనించాడు. రెండో కొస కుడి చెవికి పెట్టుకున్నాడు. వేలు ఎడమ చెవిలోకి వెళ్లింది.

నా రక్తం ఉడికిపోయింది. ఈ మనిషి మారడు, బాగుందనే అంటాడు అనుకుంటూ ముందుకు అడుగేశాను. బావ నన్ను చూశాడు. తర్వాత అక్కను చూశాడు. అక్క ట్రాలీ మీద చేతులు పెట్టుకుని, ఆయన ఏం చెబుతాడా అని ఎదురుచూస్తోంది. ఆయన గొట్టాన్ని కుడి చెవి నుంచి తీసి ఎడమ చెవికి పెట్టుకున్నాడు.

అలా పెట్టుకోగా ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. చేతుల అలవాటు తప్పి గొట్టం జారిపోతే మళ్లీ పెట్టుకున్నాడు. విన్నాడు. మొహంలో నెత్తురు ఇంకిపోయింది. చరచరా గోడ దగ్గరికి నడిచి స్విచ్చు ఆపేశాడు.

"విప్పాలి" అన్నాడు.

"మొన్న బాగుందన్నావుగా?" అన్నాడు మేనేజరు.

"మొన్న నేను వినలేదు. నా కుడి చెవి పనిచెయ్యడం లేదు. ఎప్పట్నుంచో నాకే తెలీదు."

అందరూ చేతుల్లో పనులు ఆపి చూస్తున్నారు. బావ ఎవరి వంకా చూడకుండా పానాలు తెచ్చుకుని కూర్చున్నాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. విప్పేసరికి మధ్యాహ్నమైంది. బేరింగు గుండ్లు గుంటలుపడి ఉన్నాయి, పై చుట్టు చీలిపోయి ఉంది. గుడ్డల బరువుతో తిరుగుతుండగా అది ఊడితే డ్రమ్ము మూత బద్దలుకొట్టుకుని బయటికొచ్చేది. వచ్చేది ట్రాలీ ఉండే వైపుకే. మేనేజరు దాన్ని చేత్తో తిప్పి చూసి కింద పెట్టాడు.

మంచివాడే ఆయన. బావ భుజం మీద చెయ్యి వేసి, ఎడమ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఏమీ అనుకోకు మేస్త్రీ. మిషన్ల మీద ఇంక నిన్ను ఉంచలేను. రేపట్నుంచి మురికి మూటలు విప్పే గదిలో ఉండు. అక్కడ చెవులతో పనిలేదు."

"సరేనండీ" అన్నాడు బావ.

మేనేజరు వెళ్లిపోయాడు, మిగతావాళ్లూ మెల్లగా పనుల్లోకి వెళ్లిపోయారు. బావ విప్పిన మిషన్ ముందు నేల మీద గ్రీజు చేతులతో అలాగే కూర్చున్నాడు. అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కుడి పక్కన. నేను మూట ఎత్తుకోబోతూ వాళ్ల వెనకాలే ఉన్నాను.

"నాకు వినిపించింది" అంది అక్క, ఆ విరిగిన బేరింగును చూస్తూ, మెల్లగా. "మీరు లేదన్నారని నాకే ఏదో రోగం వచ్చిందనుకున్నాను. మీకు చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నీ చెవులు శుభ్రంగా ఉన్నాయమ్మా అన్నాడు. ఆ రోజే అర్థమైంది నాకు. పైకి అంటే మీరేమైపోతారో అని భయమేసింది. రోజూ మూత బిగించేటప్పుడు, ఇవాళ్టికి గడిస్తే చాలు అనుకునేదాన్ని."

బావ ఎదురుగా గోడ వంక చూస్తూనే ఉన్నాడు. అందులో ఒక్క మాట కూడా ఆయనకు చేరలేదు. చేరదని అక్కకు తెలుసు. తెలిసే ఆ పక్కన కూర్చుంది.

నోట్లో మాట దాచుకునే మనిషిని కాను నేను. ఆయన భుజం పట్టి ఊపి, ఇది విను బావా, ఇన్నాళ్లూ నీ పక్కన ఏం జరిగిందో ఇది విను అని అరవాలనిపించింది. అక్క వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఇంక అరవలేకపోయాను.

పక్కన కదలిక తెలిసిందేమో, బావ తల తిప్పాడు. "ఏమన్నా అన్నావా?"

అక్క లేచి, ఆయన ముందు నుంచి నడిచి ఎడమ పక్కకు వచ్చింది.

"చేతులు కడుక్కోండి, టీ తాగుదాం అన్నాను."

బావ అనుమానంగా నా వంక చూశాడు. "అంతేనట్రా?"

"అంతే బావా" అన్నాను. మూట భుజానికెత్తుకుని వ్యాను వైపు నడిచాను.